వర్తికా మేడమ్‌కి వేరే దారి లేదా?

మిరపకోతల నుంచి వచ్చి, చేతుల మంట తగ్గేదాకా చన్నీళ్లలో పెట్టుకుని, ఒక్క ఫోను చుట్టూ ఆరుగురం చేరి ‘ఢిల్లీ క్రైమ్’ రెండో సీజన్ చూశాం. ఐదు ఎపిసోడ్లు, రెండు రాత్రులు. ఆ తర్వాత మొదలైన వాదన హాస్టల్లో ఆగలేదు, కోతకాడ ఆగలేదు. “పాపం వర్తికా మేడమ్ ఏం చేస్తది, పైనుంచి ఒత్తిడి, వేరే దారి లేదు” అని మనలో సగం మంది అంటున్నారు. ఆ సగం మందితోనే ఈ మాట. కోపంగానే రాస్తున్నాం, మీరు మనవాళ్లే కాబట్టి.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2022 ఆగస్టులో వచ్చింది. ఢిల్లీలో ముసలివాళ్లని చంపి దోచుకుంటున్నారు. చంపే తీరు చూసి కచ్చా బనియన్ ముఠా అన్నారు. మన టీవీల భాషలో చెడ్డీ గ్యాంగ్. అంటే విముక్త జాతులోళ్లే అని తేల్చేశారు. ఆ ‘జాతుల గుట్టు’ తెలిసినాయన అని ఒక రిటైర్డ్ పోలీసాయన్ని పిలిపించారు. ఆయన దృష్టిలో వీళ్లు పుట్టుకతోనే దొంగలు. వర్తికకి ఆ మాట నచ్చదు. నచ్చకపోయినా బస్తీల మీదకి పోలీసులు పోతారు, మనుషుల్ని స్టేషన్‌కి తోలుకొస్తారు.

“ఆమె మొహం చూడన్నా, ఎంత బాధపడిందో” అన్నాడు మనోడొకడు. చూశాం తమ్ముడూ. షెఫాలీ షా గొప్ప నటి, కాదనం. కానీ కెమెరా ఎవరి మొహం మీద నిలబడిందో చూశావా? నేల మీద కూచోబెట్టినోళ్ల మొహాల మీద ఎంతసేపు ఉంది? బాధ అధికారిది, కథ అధికారిది, దెబ్బలు మాత్రం మనవి. ఆమె బాధపడితే ఆ రాత్రి స్టేషన్లో ఉన్నోడికి ఒక్క గంట ముందు విడుదల వచ్చిందా? ఒత్తిడికి లొంగడం కూడా ఒక నిర్ణయమే. దాన్ని ‘దారి లేకపోవడం’ అని మనం ఎందుకు అనాలి? వాళ్ల తరఫున ఆ మాట అనేవాళ్లు చాలామంది ఉన్నారు, మన అవసరం లేదు.

ఇంకో మాట. చివరికి హంతకులు విముక్త జాతులవాళ్లు కాదని తేలుతుంది, ఆ ముఠా తీరుని కాపీ కొట్టినవాళ్లని. మనలో చాలామంది అక్కడ ఊపిరి పీల్చుకున్నారు. మేమూ పీల్చుకున్నాం, దాచడం దేనికి? తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. ఒకవేళ ఆ హంతకుల్లో ఒకడు మనవాడే అయితే? అప్పుడు బస్తీ మొత్తాన్ని ఎత్తుకురావడం సరైపోయేదా? ఒకడి నేరానికి ఒకడిని పట్టుకోవాలి. అన్ని కులాలకీ వర్తించే ఈ చిన్న సూత్రం మన దగ్గరికి వచ్చేసరికి మాయమవుతుంది.

ఈ మాయ ఎక్కడ పుట్టిందో మన బాపట్ల, చీరాల కుర్రాళ్లకి చెప్పాల్సిన పని లేదు. 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 నుంచి ఆ చట్టం కింద ఎరుకలోళ్ల పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేశారు. ఊరు దాటాలంటే చీటీ. సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన సెటిల్‌మెంటుకి హెరాల్డ్ స్టూవర్ట్ అనే తెల్లదొర పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. మన తాతలు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పని చేశారు, అయినా పేరు మాత్రం దొంగలనే మిగిలింది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. వెనకాలే ‘అలవాటు నేరస్తుల’ చట్టాలు వచ్చాయి. రిజిస్టరు పోయింది, రిజిస్టరు చూసే కన్ను పోలేదు.

సినిమాలకి ఆ కన్నే కావాలి. 1991లో ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. రెండోదాని టీజర్‌లో మన కులాన్నీ ఊరినీ వాడిన తీరు మీద కేసు హైకోర్టు దాకా వెళ్లింది. అదే సినిమాకి మన పేట కుర్రాళ్లే కొందరు ఈలలేశారు, అదో ముచ్చట. ‘జై భీమ్’ చూసి అందరం ఏడ్చాం. కానీ 1993లో లాకప్‌లో చచ్చిపోయిన అసలు రాజాకన్ను కురవర్ కులస్తుడని, సినిమాలో ఇరులర్‌గా మార్చారని మనలో ఎంతమందికి తెలుసు? కురవర్ అంటే ఎవరో మన ముసలోళ్లని అడగండి, మన ఎరుకల మాటకి అరవం ఎంత దగ్గరో వాళ్లే చెబుతారు.

ఇక మన సంగతి. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లిలో చెడ్డీ గ్యాంగ్ అని టీవీలు హోరెత్తించిన నెలలో మా పేట కుర్రాళ్లు చీకటి పడితే బండి తీయలేదు. పందుల బేరానికి పోయిన ఒకాయన్ని ఒక ఊళ్లో చెట్టుకింద కూచోబెట్టి ఆధార్ కార్డు చూపించమన్నారు. ఆ ఊరి పేరు రాయం. మిరపకళ్లంలో రెండు టిక్కీలు తక్కువైతే ముందు ఎవరి ఇంటికొస్తారో మీకు తెలుసు. పొద్దున ఆ కళ్లంలోనే తాలుకాయలు ఏరి కూలి తెచ్చుకున్నది మన అమ్మలే.

2024 అక్టోబరు 3న జైళ్లలో కులవివక్ష కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: విముక్త జాతులవాళ్లని ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా పోలీసులు చూడాలని. తీర్పు ఉంది. దాన్ని స్టేషన్లో చెప్పేవాడు కావాలి.

అందుకే ఈ గొడవ సీరియల్ గొడవ కాదు. మనలో పదిమందికి పైగా ఎస్ఐ, కానిస్టేబుల్ పరీక్షలకి చదువుతున్నారు. పొద్దున నాలుగున్నరకి లేచి గ్రౌండులో పరుగెడుతున్నారు. రండి, పోండి, ఉద్యోగం కొట్టండి, మేం మొదట సంతోషిస్తాం. “మేడమ్‌కి వేరే దారి లేదు” అని గట్టిగా వాదించింది కూడా మీరే. రేపు మీ స్టేషన్ పరిధిలో దొంగతనం జరిగి, రాత్రి పదకొండింటికి సీఐ గారు ఫోన్ చేసి “ఆ కాలువగట్టు పేట నుంచి నలుగురిని తీసుకురా” అంటే ఏం చేస్తారు? ఆ నలుగురి పేర్లు మీకు ముందే తెలిసుంటాయి. అందులో ఒకడు మీ మేనమామ కొడుకై ఉండొచ్చు.

ఆదివారం సాయంత్రం గ్రౌండు దగ్గరే కూచుందాం. సమాధానం అక్కడ చెప్పండి.