స్టార్ట్ బటన్ లేని రిమోట్

వంటింటి కబుర్లు రాసే ఈవిడ వీడియో గేముల మీద పడిందేమిటా అనుకోకండి. ఈ వారం పచ్చళ్ళ సంగతి పక్కన పెట్టాను. మొన్న దసరాకు మా ఇంట్లో జరిగిన ముచ్చట మీకు చెప్పకపోతే నాకు తోచేట్టు లేదు.

మా అబ్బాయి ఉద్యోగంలో చేరి ఏడాదైంది. జీతంలో దాచుకున్న డబ్బుతో వీడియో గేమ్ మిషన్ కొని తెచ్చాడు. టీవీకి తగిలించుకుని వాడూ, వాడి స్నేహితుడూ పొద్దస్తమానం ఆడుతున్నారు. మా అత్తమ్మ మంచం మీంచి మెడ చాచి చూస్తూ కూర్చుంది. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఆమెకు కుడిచెయ్యి పట్టు తప్పింది. చివరికి ఉండబట్టలేక, "నాకు గూడ ఓసారి ఇయ్యిరా బిడ్డా, ఆడి చూస్త" అంది.

వాడు నవ్వి, "నీకు రాదు నానమ్మా, దీన్ని రెండు చేతులతోని పట్టుకోవాలె" అన్నాడు.

వాడు అబద్ధమేం చెప్పలేదు. కానీ ఆమె చెయ్యి కొంగు కిందికి లాక్కోవడం చూస్తే నా మనసు చివుక్కుమంది. ముప్పై ఏళ్ళ కిందటి నా సంగతి కూడా గుర్తుకొచ్చింది.

అప్పుడు నేను పదో తరగతి. శాలిబండలో మా పుట్టిల్లు. నాన్న కోఠి నుంచి అన్నయ్య కోసం వీడియో గేమ్ తెచ్చారు. మీలో నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పసుపుపచ్చ క్యాసెట్లు, ఊది ఊది లోపల పెట్టడం, మారియో, కాంట్రా. దానికి రెండు రిమోట్లు. ఒకటోది అన్నయ్యది, రెండోది నాది. ఒకటో దాని మీద స్టార్ట్, సెలెక్ట్ అని రెండు చిన్న బటన్లుండేవి. నాదాని మీద అవి లేవు! ఆట మొదలుపెట్టాలన్నా, మధ్యలో ఆపాలన్నా అన్నయ్యే నొక్కాలి. "చపాతీలు ఒత్తు రావే" అని అమ్మ పిలిస్తే నేను లేచి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి నా బొమ్మ చచ్చిపోయి ఉండేది.

అది మా ఇంట్లో మిషన్ లోపం అనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ తెచ్చిన ఫ్యామికామ్ అనే మిషన్‌కే రెండో రిమోట్ మీద ఆ బటన్లు లేవట. మన బజార్లకు వచ్చినవి చాలావరకు దాని నకళ్ళే.

ఆ రోజుల్లో ఒక బాణం గుర్తుల మీట, రెండు బటన్లు ఉంటే ఆటకు సరిపోయేవి. ఆటలు పెద్దవైన కొద్దీ బటన్లూ పెరిగాయి. 1990లో వచ్చిన సూపర్ ఫ్యామికామ్‌కు ముందు నాలుగు, పైన భుజాల దగ్గర రెండు. 1997లో సోనీ తెచ్చిన డ్యూయల్‌షాక్‌కు రెండు బొటనవేళ్ళతో తిప్పే రెండు పుల్లలు కూడా వచ్చాయి. ఇప్పటి కంట్రోలర్ చేతికిస్తే ఎడమ బొటనవేలు మనిషిని నడిపించాలి, కుడి బొటనవేలు మెడ తిప్పి చూపించాలి, చూపుడువేళ్ళు కాల్చాలి. కొత్తగా స్కూటీ నేర్చుకునే రోజుల్లో బ్రేకూ ఎక్సలేటరూ ఒకేసారి నొక్కినట్టు, నేనైతే గోడకు గుద్దుకుని ఆకాశం చూస్తూ నిలబడ్డాను.

ఏళ్ళ తరబడి ఆడి వేళ్ళకు అలవాటైన వాళ్ళను హార్డ్‌కోర్ ఆటగాళ్ళంటారు. తీరిక దొరికినప్పుడు ఓ పావుగంట ఆడే మనలాంటి వాళ్ళను క్యాజువల్ అంటారు. హార్డ్‌కోర్ వాళ్ళు ఆటలు ఎక్కువ కొంటారు గనుక కంపెనీలు వాళ్ళ కోసమే చేస్తూ పోయాయి. బటన్లు పెరిగిన కొద్దీ ఇంట్లో మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

ఈ సంగతి కనిపెట్టింది నింటెండో వాళ్ళే. మారియోను సృష్టించిన షిగెరు మియామోటో 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో ఒక తమాషా మాట చెప్పారు. ఆయన భార్యకు వీడియో గేములంటే ఇష్టం లేదట. ఏ ఆట వస్తే ఆమె ఎంత ఆసక్తి చూపించిందో లెక్కేసి, దానికి 'వైఫో మీటర్' అని పేరు పెట్టుకున్నారట. లోకమంతా మెచ్చిన మనిషికి ఇంట్లో ఆవిడ మెప్పే కొలబద్ద అయిందన్నమాట!

2006లో ఆ కంపెనీ 'వీ' అనే మిషన్ తెచ్చింది. దాని కంట్రోలర్ అచ్చం టీవీ రిమోట్‌లా పొడుగ్గా, తెల్లగా ఉంటుంది. టీవీ రిమోట్‌ను ఎవరైనా జంకు లేకుండా తీసుకుంటారు కదా! ఒక చేత్తో పట్టుకుని ఊపితే చాలు. టెన్నిస్ అయితే బ్యాటు ఊపినట్టు, బౌలింగ్ అయితే బంతి దొర్లించినట్టు. అలాంటివి 10 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. అన్నీ కొన్నది పాత ఆటగాళ్ళే కాదు. తాతలూ, అమ్మమ్మలూ ఆడారు.

మా పక్కింటి ఆపా వాళ్ళ పెద్దబ్బాయి 2009లో జెద్దా నుంచి వస్తూ అదే తెచ్చాడు. మరుసటేడు రంజాన్ పండగ నాడు షీర్ ఖుర్మా తాగడానికి వెళ్ళాం. ఆపా కొంగు బిగించి మా అత్తమ్మ చేతికి ఆ తెల్ల రిమోట్ ఇచ్చింది. ఇద్దరూ గంటసేపు బౌలింగ్ ఆడారు. ఒకరికి తెలుగు అంతంత మాత్రం, ఇంకొకరికి ఉర్దూ అంతంత మాత్రం. నవ్వు మాత్రం గేటు దాకా వినిపించింది.

మన హైదరాబాద్ కూడా ఈ రంగంలో వెనకబడలేదు. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం 'దేశీ అడ్డా' అనే ఆట వచ్చింది. చేసింది ఇక్కడి గేమ్‌శాస్త్ర కంపెనీ. అందులో గాలిపటాలు, కబడ్డీ, చిర్రగోనె వంటి మనకు తెలిసిన ఆటలే. ఇంటిల్లిపాదికీ నచ్చే ఆలోచన. కానీ ఆడాల్సింది మాత్రం ఆ డ్యూయల్‌షాక్ బటన్లతోనే. సంక్రాంతికి పాతబస్తీ మిద్దెల మీద మాంజా పట్టుకున్న వాళ్ళనడగండి, ఎప్పుడు ఢీల్ ఇవ్వాలో, ఎప్పుడు లాగాలో వేలికే తెలుస్తుంది. బటన్‌కు ఆ దారం బిగువు ఎలా తెలుస్తుంది? ఆట మనదైతే చాలదు, పట్టుకునేది కూడా మనకు అలవాటైనదై ఉండాలి.

మరి అసలు చేతిలో ఏమీ లేకపోతే? 2010లో మైక్రోసాఫ్ట్ 'కినెక్ట్' అనే కెమెరా తెచ్చింది. మనం గెంతితే బొమ్మ గెంతుతుంది. మొదటి 60 రోజుల్లోనే 80 లక్షలు అమ్ముడుపోయాయి. అయితే టీవీ ముందు ఒకరు నిలబడాలంటే ఆరడుగులు, ఇద్దరికైతే ఎనిమిదడుగుల దూరం ఉండాలి. మన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో అయితే 101 మంది కూర్చుని తినే బల్ల ఉంది గనుక అక్కడ చోటుకు కరువు లేదు. మా హాల్లో దివాను, కుట్టుమిషను, బియ్యం డ్రమ్ము పోగా మిగిలేది ఓ చాపంత. 2017లో కినెక్ట్ తయారీ ఆపేశారు.

నింటెండో వాళ్ళూ తర్వాత తడబడ్డారు. 2012లో 'వీ యూ' అని కంట్రోలర్‌లోనే తెర పెట్టి, చుట్టూ బటన్లు పేర్చారు. కోటీ ముప్పై అయిదు లక్షలే పోయాయి. అప్పటికి మనలాంటి వాళ్ళం సెల్‌ఫోన్లకు మళ్ళాం కూడా. వేలితో రాస్తే చాలు కదా! ఆపా ఇప్పుడు క్యాండీ క్రష్‌లో మూడువేల లెవెల్ దాటింది. ఆమెను క్యాజువల్ అంటే నేనొప్పుకోను.

అందుకే నాకనిపిస్తుంది, ఆటగాళ్ళను రెండు జాతులుగా విడగొట్టడం అంత సరైన పని కాదని. చేయి సరిగా లేనివాళ్ళలో కూడా గట్టి ఆటగాళ్ళుంటారు. వాళ్ళ కోసం మైక్రోసాఫ్ట్ 2018లో ప్రత్యేకంగా ఒక కంట్రోలర్ తెచ్చింది. పళ్ళెమంత బటన్లు రెండుంటాయి. ఇంకా కావాలంటే మోచేత్తోనో, కాలితోనో నొక్కే బటన్లు తగిలించుకోవచ్చు. 2023లో సోనీ కూడా అలాంటిది తెచ్చింది. కనుక "నీకు రాదు" అనే ముందు, "నీ చేతికి ఏది కుదురుతుంది?" అని అడగాలి.

ఆ రాత్రి అత్తమ్మే అడిగింది, "ఆపా ఇంట్ల తెల్లది ఉండె గద, అదేమయింది?" అని. మర్నాడు అడిగితే ఆపా అటక మీంచి అట్టపెట్టె దింపింది. రెండు కొత్త సెల్లులు వేస్తే పనిచేసింది! మా అబ్బాయే టీపాయ్ జరిపి, రిమోట్ తాడు నానమ్మ ఎడమచేతి మణికట్టుకు కట్టాడు. మొదటి బంతి పక్క కాల్వలో పడింది. రెండోదీ అంతే. మూడోసారి ఆరు గుంజలు పడ్డాయి. "రేపు గూడ పెట్టుర్రి" అంది. ఇప్పుడు రోజూ సాయంత్రం నానమ్మా మనవడూ ఒక ఆట ఆడందే టీ తాగరు.

మీరూ ఇంట్లోకి కొనాలనుకుంటే నాలుగు సంగతులు:

డబ్బా చూసి మోసపోకండి. దుకాణంలో కంట్రోలర్ చేతికి తీసుకుని, ఇంట్లో ఎవరెవరు ఆడతారో వాళ్ళ చేత పట్టించి చూడండి.

ఒక్క చేత్తో ఆడే ఆటలు, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే ఆటలు ఉన్నాయేమో అడగండి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ కంట్రోలర్లను విడదీసి, కొన్ని ఆటల్లో చెరొకటి పట్టుకోవచ్చు.

ఊపి ఆడేవాటికి మణికట్టు తాడు తప్పకుండా కట్టండి. చెయ్యి జారితే టీవీ అద్దం పగులుతుంది. పెట్టె మీద ఎన్నేళ్ళ పిల్లలకో రాసి ఉంటుంది, అదీ చదవండి.

పక్షవాతం వచ్చిన వాళ్ళతో, పెద్దవాళ్ళతో ఆడించే ముందు డాక్టరును అడగండి. మేం అడిగాం. కూర్చుని, అలసట రాకుండా పావుగంట ఆడొచ్చన్నారు.

అన్నట్టు, మొన్న రాఖీకి వచ్చిన అన్నయ్యకు ఆ పాత రెండో రిమోట్ సంగతి గుర్తుచేశాను. "అవునా, నీదానికి స్టార్ట్ లేదా? నేనెప్పుడూ చూడలేదే!" అన్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత!

మరి మీ ఇంట్లో స్టార్ట్ బటన్ ఎవరి చేతిలో ఉంది? ఓ ఉత్తరం ముక్క రాయండి. వచ్చేవారం మళ్ళీ పచ్చళ్ళ దగ్గర కలుద్దాం.