మల్లె అత్తరు – మర్యాద, మితము

మార్చి నెల వచ్చినదంటే మన గుంటూరు గాలిలో రెండు వాసనలు పోటీపడుతుంటాయి. మిరపయార్డు వైపునుండి వచ్చే ఘాటు ఒకటి. సాయంకాలము బజారులో మూరలు కొలిచి అమ్మే మల్లెలది మరొకటి. మొదటిది ఈ పట్టణానికి జీవనాధారము, రెండవది మన వేసవికి ఊరట. ఈ రెంటి నడుమ చదువుకొనే విద్యార్థి మిత్రులకు, కళాశాల పాలకవర్గ పెద్దలకు సుగంధమును గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. ఇది అల్పవిషయమని తోసిపుచ్చవద్దు.

ఖరీదైన విదేశీ సెంటు చల్లుకొని వచ్చినవాడు గొప్పవాడనీ, బట్టలకు మిరప ఘాటు అంటిన వాడు తక్కువవాడనీ తలచే పోకడ యువతలో కనబడుతున్నది. మిరపకాయల తొడిమలు తీసి ఒక తల్లి తెచ్చిన కూలితో ఫీజు కట్టిన విద్యార్థి, ఆ ఘాటుకు సిగ్గుపడవలసిన పని ఏమున్నది? సిగ్గుపడవలసినది ముక్కు మూసుకొన్నవాడే. ఇక, తరగతిలో సుగంధమే కూడదని నిషేధించాలనే పెద్దలతోను మేము ఏకీభవించలేము. కావలసినది నిషేధము కాదు, మితము.

ఆ మితమును మన పెద్దలు ఎన్నడో నేర్పినారు. శుక్రవారపు నమాజుకు, పండుగనాటి ప్రార్థనకు బయలుదేరేముందు అత్తరు అద్దిన దూదిని చెవి మడతలో ఉంచుకొనేవారు. పక్కన నిలిచిన సోదరునికి తమవలన ఆహ్లాదమే కలుగవలెనన్నది అందులోని భావము. పెండ్లి పందిట్లో అతిథులపై పన్నీరు చల్లే తెలుగింటి మర్యాద కూడా ఇటువంటిదే. మతములు వేరైనా మన్నన ఒక్కటే.

నిత్యము పగటిపూట వాడుకొనుటకు మల్లె అత్తరు తగినది. అత్తరులో ఆల్కహాలు ఉండదు. నూనె ఆధారము గనుక నెమ్మదిగా పరిమళిస్తుంది. మూడు మిల్లీలీటర్ల చిన్న సీసాలో సుమారు 60 చుక్కలుంటాయి. రోజుకొక చుక్క చాలును గనుక రెండు నెలలు వస్తుంది. తెల్లని బట్టపై వేస్తే మరక పడవచ్చును. మణికట్టుకో, దూదికో అద్దుకొనుట మేలు.

అయితే ఒక నిజము దాచరాదు. కన్నౌజ్ పట్టణములో పూలను రాగి డేగులో నీటితో కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టము గుండా చందన తైలమున్న పాత్రలోకి పంపి అత్తరు తీస్తారు. అన్ని పూలు, అంత చందనము పట్టే సరుకు చవుకగా దొరకదు. మనకు అందుబాటు ధరకు వచ్చేది చాలవరకు రసాయనముతో కూర్చిన మల్లె వాసన. అందులో తప్పు లేదు. దానినే అసలు మల్లె అత్తరని చెప్పి అమ్మితేనే తప్పు. మల్లె పరిమళములోని ముఖ్య ద్రవ్యములలో బెంజైల్ ఎసిటేట్ ఒకటి. బెంజైల్ ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లముల చర్యతో తయారయ్యే ఎస్టరు అది. మన రసాయనశాలలో అధ్యాపకుల పర్యవేక్షణలో ఒక పూట దీనిని తయారుచేసి చూపుటకు పాలకవర్గము ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. బజారులో సీసా కొనే విద్యార్థి తానేమి కొంటున్నాడో తెలిసి కొనగలుగుతాడు.

మిత్రులారా! మీ అత్తరు మీ దగ్గరకు వచ్చినవారికి మాత్రమే తెలియవలెను. గది అంతటికీ కాదు. తలనొప్పి, ఉబ్బసము గలవారు పక్కన ఉంటే ఆ చుక్క కూడా మానుకొనుటే మర్యాద. పూవుతో కూడిన నారకూ పరిమళము అబ్బునని మన సామెత. తరగతి గది అటువంటి దండ కావలెను. అందులో మిరపయార్డునుండి వచ్చినవాడు, మేడనుండి వచ్చినవాడు ఒకే నారపై కూర్చిన పూవులు కావలెను.