ధర్నాలో నిలబడడం రోగం కాదు

పెద్ద వయసువారు కాలనీ ధర్నాలకు వెళ్ళరాదనీ, ఆవేశం గుండెకు చేటనీ చెప్పే హితవు మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. అందులో సగమే వైద్యం, మిగిలిన సగం భయం.

నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలను ఆనుకొని నేడు వేలాది కుటుంబాలు నివసిస్తున్నాయి. రసాయనాల ఘాటు వాసనపై ఇక్కడివారి ఫిర్యాదులు కొత్తవి కావు. కాలుష్య కారక పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి తరలించాలని 2013లోనే ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. ఉత్తర్వు కాగితంపై ఉంది. ఉబ్బసం రోగి మాత్రం కిటికీలు బిగించుకొని పడుకుంటున్నాడు. 'మనవల్ల ఏమవుతుంది?' అన్న మాట మెల్లగా అతని మనసులో పాతుకుపోతుంది.

ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రం ఎరుగును. తప్పించుకోలేని బాధను అనుభవించిన జంతువులు, తరువాత దారి తెరిచినా కదలకుండా పడి ఉండడాన్ని 1967లో సెలిగ్‌మన్, మేయర్ ప్రకటించారు. దానికి 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు వచ్చింది. 2016లో వారే తమ సిద్ధాంతాన్ని సవరించారు. దీర్ఘకాలపు బాధకు చతికిలబడడం సహజ స్పందనే. నేర్చుకోవలసినది, పరిస్థితి మన అదుపులోకి రాగలదన్న ఎరుక అని తేల్చారు.

ఆ ఎరుక ఒంటరిగా గదిలో కూర్చుంటే కలగదు. తొలిసారి ధర్నాకు వచ్చిన మనిషికి మొదట కలిగేది సిగ్గు. పోలీసు జీపు ఆగగానే నోరు ఎండుతుంది, అరచేతులు చెమర్చుతాయి, గుండె వేగం పెరుగుతుంది. ఇది అడ్రినలిన్ చేసే పని, జబ్బు కాదు. కొంతసేపటికి పక్క వీధి వారిదీ అదే దగ్గు, అదే నిద్రలేమి అని తెలుస్తుంది. అప్పుడు భుజం మీది బరువు దిగినట్లుంటుంది. ఆ ఊరట నిజమైనది. దానిని 'ఉన్మాదం' అని ఎగతాళి చేసేవారు ఆ వాసన పీల్చని వారు.

అయితే ఊరట చికిత్స కాదు. ఒక పూట నినాదాలు చేసి తృప్తిగా ఇంటికి పోవడం, జ్వరానికి పారాసిటమాల్ వేసి కారణాన్ని వదిలేయడం వంటిది. పటాన్‌చెరు ప్రాంత కాలుష్యంపై డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ వివాదం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. వైద్యుడు మందుచీటీతో ఆగిపోనక్కరలేదని ఆయన జీవితమే చాటింది.

కనుక మల్లాపూర్ పెద్దలకు నా విన్నపం ఇది. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, రక్తపోటు అదుపులో లేనివారు ఎండలో నిలబడకండి. మీకు చేయదగిన పని వేరే ఉంది. వాసన వచ్చిన తేదీ, సమయం, గాలి వీచిన దిశ, ఎవరికి ఆయాసం వచ్చిందో ఒక పుస్తకంలో రాయండి. కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. మిగిలినవారు వేళకు మాత్రలు వేసుకొని, మంచినీళ్ళ సీసా చేతబట్టుకొని రండి. మధుమేహం ఉన్నవారు నిరాహార దీక్షల జోలికి పోవద్దు.

రక్తపోటుకు మాత్ర ఉంది. పీల్చే గాలి విషమైతే దానికి మాత్ర లేదు. ధర్నాకు వెళ్తే గుండెకు ముప్పని బెదిరించేవారు, ఇంట్లో పీల్చే గాలి వల్ల ఏ ముప్పూ లేదని సంతకం చేసి ఇవ్వగలరా?