ఇంటిపనులు: కుర్రవాడి బండికి నూనె మార్పు

కిందటి నెల మా మనమడు ఒక డబ్బా ఇంజను ఆయిలూ, ఒక కొత్త ఫిల్టరూ కొని తెచ్చి, "తాతా, యీసారి బండి ఆయిలు యింట్లోనే మారుస్తాను" అన్నాడు. వాళ్ల అవ్వ వెంటనే అడ్డుపడ్డది. "పని తెలిసినవాళ్లు వుండగా నీకెందుకురా? రేపు ఆ బండిమీద బెంగుళూరు రోడ్డున పోవలసినవాడివి" అన్నది. ఆమె భయం అర్థం లేనిది కాదు. అందుచేత నేను ముక్కాలిపీట వేసుకొని పక్కనే కూర్చున్నాను.

మా హోసూరువాళ్లకు బండ్లు కొత్త కాదు. టి.వి.యస్. 50 మోపెడ్ 1980లో యిక్కడి కార్ఖానానుంచే బయటికి వచ్చింది. 2017 డిసెంబరులో వచ్చిన అపాచీ ఆర్ఆర్ 310 అనే స్పోర్టు బండీ యిక్కడి తయారే. ఆ మోపెడ్‌కు నూనె పెట్రోల్లో కలిపి పోసేవాళ్లం. అది పెట్రోలుతోపాటే కాలి పొగైపోయేది. యిప్పటి ఫోర్‌స్ట్రోకు బండిలో అట్లా కాదు. నూనె ఇంజనులోనే తిరుగుతూ, మసినీ లోహపు పొడినీ తనలో చేర్చుకొని నల్లబడుతుంది. పైగా యీ బండ్లలో చాలావాటికి ఒకే నూనె ఇంజనుకూ, గేర్లకూ, క్లచ్చికీ కూడా పనిచేయాలి. ఒక్క కోడలు మూడిళ్ల చాకిరీ చేసినట్టు. చవకగా వచ్చిందని కారు నూనె పోస్తే క్లచ్చి జారవచ్చును. డబ్బామీద జాసో ఎంఏ లేక ఎంఏ2 అనే గుర్తు వున్నదా అని చూడాలి. నూనె రకమూ, కొలతా బండితో యిచ్చిన పుస్తకంలో వుంటాయి. గ్యారంటీ గడువు తీరని బండి అయితే, అమ్మినవారిని అడిగిన తరువాతనే చేయి పెట్టాలి.

ఇక పని. బండిని రెండు మూడు నిమిషాలు నడిపి ఆపితే నూనె గోరువెచ్చనై సులువుగా దిగుతుంది. మరీ కాలితే చేయి బొబ్బలెక్కుతుంది. పొగగొట్టం సంగతి చెప్పనే అక్కరలేదు. స్పోర్టు బండికి కింద ప్లాస్టిక్ తొడుగు వుంటుంది. దాని మరలు విప్పి, ఒక గిన్నెలో జాగ్రత్తగా దాచాలి. చేతికి తొడుగులు వేసుకొని, అడుగున బేసిను పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పి నూనె పూర్తిగా కారనివ్వాలి. ఫిల్టరు మార్చి, దాని రబ్బరు రింగుకు కొత్త నూనె కాస్త రాయాలి. బోల్టుకు కొత్త వాషరు వేయాలి.

ఇక్కడే మావాడు ఒంట్లోని బలమంతా పెట్టబోయాడు. నేను చేయి పట్టుకొన్నాను. ఇంజను అడుగు అల్యూమినియం, బోల్టు ఉక్కు. గట్టిగా బిగిస్తే లోపలి మర అరిగి పోతుంది. వదులుగా వుంటే నూనె కారుతుంది. ఆ కారేది సరిగ్గా వెనకచక్రం ముందర! వేగంలో చక్రానికి నూనె తగిలితే యేమవుతుందో చెప్పనక్కరలేదు. అందుచేత పుస్తకంలో చెప్పిన లెక్కకు టార్కు రెంచీతో బిగించాడు. కొలత ప్రకారం కొత్త నూనె పోసి, మూత పెట్టి, ఒక నిమిషం ఇంజను నడిపి ఆపి, కొంతసేపు తాళి, బండిని నిటారుగా నిలబెట్టి మట్టం చూశాడు. రెండు గీతల నడుమ వున్నది.

"పాత నూనె పెరట్లో పోసేయనా తాతా?" అన్నాడు. అప్పుడు వాడికి నా తప్పు చెప్పవలసి వచ్చింది. వయసులో వున్నప్పుడు నా బుల్లెట్టు నూనె మార్చి, బావికి నాలుగడుగుల దూరాన గోతిలో పోశాను. వానాకాలం వచ్చేసరికి బావినీళ్లమీద నూనె తెట్టు కట్టింది. ఆ యేడాదంతా మా అమ్మ వీధి కొళాయినుంచి బిందెలు మోసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

మనవాడు మరి మాట్లాడలేదు. పాత నూనెను ఖాళీ డబ్బాలోనే తిరిగి పోసి, పైన "పాత ఆయిలు" అని వ్రాసి, దాన్ని పీపాలో చేర్చి శుద్ధికి పంపే మెకానిక్కు దగ్గర యిచ్చి వచ్చాడు. 2016 నాటి నిబంధనలలో వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాలలో చేరివున్నది. నేను చెప్పేదల్లా ఒక్కటే: పోసే నూనెమీద వున్న శ్రద్ధ బిగించే బోల్టుమీదా, తీసిన నూనెమీదా వుంటేనే యిది యింట్లో చేసుకోదగిన పని.

ఆ రాత్రి బండి కింద పాత వార్తాపత్రిక పరచివుంచాం. తెల్లవారి అందరికన్న ముందు లేచి, టార్చిలైటు వేసి చూసింది వాళ్ల అవ్వ. "ఒక్క చుక్క లేదు" అని లోపలికి పోయి, మావాడికి కాఫీ తెచ్చి యిచ్చింది.