జ్యూరీ లేని దేశంలో జ్యూరీ

అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు జ్యూరీ డ్యూటీకి రమ్మని కోర్టు నుంచి కాగితం వస్తుంది. సెలవు పెట్టాలి, ప్రాజెక్టు ఆగిపోతుంది, ఎట్లా తప్పించుకోవాలి అని వాట్సాప్‌లో సలహాలు అడుగుతారు. ఆ తలనొప్పి సంగతి వాళ్ళు చూసుకుంటారు. నాకు ఆసక్తి ఉన్నది ఆ కోర్టు గదిలో విచారణకు ముందు జరిగే తతంగం మీద.

కేసు లైంగిక దాడిది అనుకోండి. జ్యూరీకి వచ్చినవాళ్ళను జడ్జి, రెండు పక్షాల లాయర్లు ముందే ప్రశ్నలు అడుగుతారు. మీకుగానీ మీ దగ్గరివాళ్ళకుగానీ ఇట్లాంటిది జరిగిందా? మీ ఇంట్లో ఎవరిమీదైనా ఇట్లాంటి ఆరోపణ వచ్చిందా? వెంటనే ఫిర్యాదు చేయని మనిషిని నమ్మడం మీకు కష్టమా? పోలీసు చెప్పే సాక్ష్యాన్ని మామూలు మనిషి సాక్ష్యం కంటే ఎక్కువ నమ్ముతారా? జవాబులు చూసి, తటస్థంగా ఉండలేరనుకున్నవాళ్ళను ఇంటికి పంపేస్తారు. కారణం చెప్పకుండా కొందరిని వద్దనే హక్కు కూడా రెండు పక్షాలకూ ఉంటుంది.

ఇదేదో గొప్ప వ్యవస్థ అని చెప్పి మనల్ని మనం తిట్టుకునే రకం వ్యాసం కాదిది. దాంట్లో లోపాలు చాలానే ఉన్నాయి. దాడిని స్వయంగా అనుభవించినామె ఆ మాట ఒప్పుకుంటే చాలాసార్లు వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది. ఇట్లాంటివి జరగవు, ఆడవాళ్ళే కల్పిస్తారు అని మనసులో గట్టిగా నమ్మే పెద్దమనిషి నోరు మెదపకపోతే హాయిగా కూర్చుంటాడు. 2017లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన పేన్యా రోడ్రిగెజ్ కేసు దీనికి ఉదాహరణ. అది కొలరాడోలో ఇద్దరు టీనేజీ అమ్మాయిలను లైంగికంగా వేధించిన కేసు. మీరు నిష్పక్షపాతంగా ఉండగలరా అని ముందే అడిగారు. అందరూ ఉండగలమన్నారు. తీరా తలుపులు మూసుకుని చర్చించేటప్పుడు, నిందితుడు మెక్సికన్ కాబట్టి చేసే ఉంటాడని ఒక జ్యూరర్ వాదించాడు. అది బయటికి వచ్చాక, జాతి ద్వేషం విషయంలో జ్యూరీ గది రహస్యాన్ని పక్కన పెట్టవచ్చని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

అంటే అడిగినా అబద్ధం చెప్తారు. నిజమే. కానీ అడిగారు కాబట్టే అది అబద్ధమని తేలింది. అసలు అడగని చోట అబద్ధం చెప్పే అవసరం కూడా ఉండదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 1958లో లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని ఎత్తేయమంది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ ఊసే లేదు. నానావతి కేసులో బొంబాయి జ్యూరీ ఎట్లా తీర్పు చెప్పిందో అందరికీ తెలుసు కాబట్టి, పోతే పోయిందిలే అనుకున్నాం. జ్యూరీ పోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా దాంతోపాటు ప్రశ్న కూడా పోవడం మీద. పన్నెండుమంది మామూలు మనుషులకు పూర్వాభిప్రాయాలు ఉంటాయి గానీ, చదువుకున్న ఒక్క మనిషికి ఉండవని ఎవరు చెప్పారు?

గురజాడకు ఈ భ్రమ లేదు. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు కంటే మంచి వకీలు ఎవరున్నారు? అయినా అంత మంచివాడి ముందుకు మధురవాణి ఆడదానిగా పోలేదు. మగవేషం వేసుకుని పోయింది. వేశ్య అని తెలిస్తే ఆయన మాట వినడని ఆమెకు తెలుసు. కేసును నిలబెట్టే సమాచారం ఆమె దగ్గరే ఉంది. నాటకం చూసి మనం ఆమె తెలివిని మెచ్చుకుంటాం, పంతులు మంచితనాన్ని మెచ్చుకుంటాం. మంచివాడి చెవికి కూడా తలుపు ఉంటుందని, అది మనిషిని చూసి తెరుచుకుంటుందని ఆ సన్నివేశం చెప్తున్న సంగతి మాత్రం మర్చిపోతాం.

వేషం వేసుకోని మనుషులకు ఏమైందో చూడండి. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం మహిళ మీద పోలీసులు అత్యాచారం చేశారు, రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసుల దెబ్బలకు చనిపోయాడు అన్న ఆరోపణతో నగరం భగ్గుమంది. ఆమె పేరు చాలామందికి తెలుసు. నేను రాయను, అప్పట్లో ఆ పేరును పలికిన తీరు చాలు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల పక్షం చేసిన వాదన ఏమిటి? ఆమె వేశ్య, ఆమె పెళ్ళి పెళ్ళే కాదు అని. కమిషన్ ఆ మాటలకు లొంగకుండా పోలీసులను తప్పుపట్టింది. తర్వాత కేసు రాష్ట్రం దాటి కర్ణాటకలోని రాయచూరుకు పోయింది. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది.

కేసును ఊరు ఎందుకు మారుస్తారు? ఒక చోట గాలి ఒక పక్షానికి ఎదురుగా వీస్తుంటే మారుస్తారు. అంటే పూర్వాభిప్రాయం అనేది ఒకటుందని మన చట్టానికి బాగా తెలుసు. అది ఊరికి ఉంటుందని ఒప్పుకుంటుంది, మనిషికి ఉంటుందని ఒప్పుకోవడానికే మనసు రాదు. రాయచూరులోనైనా ఢిల్లీలోనైనా అప్పటి సాక్ష్య చట్టం ఒకటే. అత్యాచార కేసులో ఫిర్యాదు చేసినామె నడవడిక మంచిది కాదని చూపి ఆమె మాటను కొట్టేయవచ్చని 1872 నుంచి అందులో రాసి ఉంది. 2003 వచ్చేదాకా దాన్ని తీసేయలేదు. నూట ముప్పై ఏళ్ళు పూర్వాభిప్రాయమే చట్టం!

అదే 1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో, ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటన లేదంటూ పోలీసులను విడిచిపెట్టింది. పాత కథలు అంటారా? 2020లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిల్ ఉత్తర్వులో, దాడి తర్వాత నిద్రపోవడం భారతీయ మహిళ తీరు కాదన్న అర్థంలో రాసింది. తర్వాత ఆ మాట తొలగించారు. 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఒక బాలిక కేసులో ఏది అత్యాచార యత్నం కాదో చెప్తూ ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. వీళ్ళెవరూ చదువు లేని జ్యూరర్లు కారు.

ఇంకో మాట. మన దగ్గర అసలు జ్యూరీ కోర్టులో లేదు. నాది నంద్యాల జిల్లా ఆత్మకూరు. ఉద్యోగం హైదరాబాద్‌లో. ఊరికి పోయినప్పుడు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పేపర్లో వచ్చిన ఏ కేసు మీదైనా తీర్పు రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. "ఆ యాళప్పుడు ఆ పాపకు ఆడేం పని?" అని ఒకాయన. "మనోడు అట్లాంటోడు కాదులేబ్బా" అని ఇంకొకాయన. వేరే కులపోడైతే, పొరుగూరోడైతే, "కాల్చి పారేయాల నాకొడుకుని" అని ఇద్దరూ కలిసి. మా ఆఫీసు క్యాంటీన్‌లోనూ ఇదే తీర్పు, కాకపోతే సగం ఇంగ్లీషులో. ఎస్సై, ఆసుపత్రి డాక్టరు, ప్రాసిక్యూటరు, జడ్జి, అందరూ ఇట్లాంటి టీ కొట్ల మధ్య పెరిగినవాళ్ళే. ఆకాశం నుంచి ఊడిపడలేదు. రెండు వేళ్ళ పరీక్ష తప్పని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అది ఆగక 2022లో మళ్ళీ చెప్పింది. తొమ్మిదేళ్ళ మధ్యలో ఆ డాక్టర్లను ఎవరు ఏ ప్రశ్న అడిగారు?

మొదటి జ్యూరర్ తప్పు చేస్తే చివరి జడ్జి కూడా ఏమీ చేయలేడు. వాకపల్లి చూడండి. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలో పదకొండుమంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచార ఆరోపణ చేశారు. దర్యాప్తు చేసింది కూడా పోలీసులే. గుర్తింపు పరేడ్ కూడా సరిగా జరపలేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపుతూనే నిందితులను నిర్దోషులుగా వదిలేసి, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. పదహారేళ్ళు! సాఫ్ట్‌వేర్‌లో నేను రాసిన కోడ్‌ను నేనే ఆమోదించుకోవడానికి లేదు. ఒక చిన్న బటన్ రంగు మార్చినా ఇంకొకరు చూడాలి. పోలీసు మీద ఫిర్యాదును అదే పోలీసు శాఖ చూసుకోవచ్చట.

ఇట్లా అడగడం మొదలుపెడితే మగవాళ్ళ గతి ఏమిటి, ప్రతి ఫిర్యాదునూ నమ్మాలా అని అడిగేవాళ్ళు ఉంటారు. నేను చెప్తున్నది నిందితుడికి కూడా రక్షణే. 2007 ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసులో ఒక పేద యువకుడు ఏళ్ళ తరబడి జైల్లో ఉన్నాక 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలింది. 2019 డిసెంబర్ 6న దిశ కేసులో నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లారు. చంపాలనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. పూలు చల్లిన జనంలో ఏ ఒక్కరినైనా, నీకు ఈ కేసు గురించి ఏం తెలుసు అని అడిగారా? ఆమెను అనుమానించే నోరూ, వాణ్ణి కాల్చమనే నోరూ చాలాసార్లు ఒకటే. దానికి సాక్ష్యంతో పని లేదు.

2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు జడ్జీలకు శిక్షణ ఉండాలంది. 2023లో మూస అభిప్రాయాల మీద ఒక చేతిపుస్తకం వేసింది. మంచిదే. కానీ పుస్తకం చదివి పక్కన పెట్టేయొచ్చు, ప్రశ్నకు జవాబు చెప్పాలి. నేను కోరేవి మూడే. లైంగిక దాడి కేసు చేతికి తీసుకునే ప్రతి అధికారీ, డాక్టరూ, ప్రాసిక్యూటరూ ఆ ప్రశ్నలకు ముందే రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ కాగితం కేసు ఫైల్లో ఉండాలి. నిందితుడి శాఖవాళ్ళు దర్యాప్తు చేయకూడదు. ఫిర్యాది ప్రవర్తన మీద జడ్జి వ్యాఖ్య చేస్తే, కేసు నిరూపణకు దానితో ఏం సంబంధమో అదే పేరాలో రాయాలి. వీటికి జ్యూరీ అక్కర్లేదు, కొత్త కోర్టులు అక్కర్లేదు, నాలుగు పేజీల ఫారం చాలు. ఆ ఫారం నింపడానికి ఇష్టపడని మనిషి ఆ కేసు ముట్టుకోకూడదు.