కాపలాకొచ్చినవాడు తోట మేస్తే...

మధ్య పేపర్లో ఒక దేశం పేరు మాటిమాటికీ వస్తోంది. ఉక్రెయిన్. నాటో కూటమిలో చేరతానంటుంది, వాళ్ళు చేర్చుకుంటామంటారు, ఎప్పుడో చెప్పరు. సాయంత్రం పేటలో పేపరు చదివి వినిపిస్తుంటే మామిడి కోతకెళ్ళి వచ్చిన పిల్లలు అడిగారు: "ఆ గొడవ మనకెందుకు మాష్టారూ? వాళ్ళు చేరితే మన కూలేమన్నా పెరుగుద్దా?"

ఈ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోం. కూలి పెరగదు. కానీ తరగడానికి మాత్రం ఇలాంటి ఒప్పందాలు కారణమవుతాయి. దీనికి నిదర్శనం ఎక్కడో యూరప్‌లో వెతకనక్కర్లేదు. మన కాళ్ళ కింది నేలే సాక్ష్యం.

ఒక తోట సంగతి అనుకుందాం. కామందుకి పక్క తోటవాళ్ళంటే భయం. కండబలం ఉన్నవాడొకడు వచ్చి "కాపలా నేను కాస్తాను, జీతమియ్యి" అన్నాడు. కొన్నాళ్ళకి "నీ పాత కాపలావాళ్ళని పంపించెయ్యి, నేనుండగా వాళ్ళెందుకు?" అన్నాడు. ఆ తర్వాత "నన్నడక్కుండా పక్కవాళ్ళతో మాట్లాడొద్దు" అన్నాడు. జీతం బాకీ పడితే "ఆ రెండు వరసల చెట్లు రాసియ్యి" అన్నాడు. చివరికి తోట ఎవరిది? కామందు పేరు పట్టాలో ఉంటది. కాయ మాత్రం కాపలావాడు తింటాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

హైదరాబాదు నిజాముకీ ఈస్టిండియా కంపెనీకీ మధ్య జరిగింది అక్షరాలా ఇదే. 1766 నవంబరులో కుదిరిన ఒప్పందంలో కంపెనీ ఏటా కొంత సొమ్ము కడతానంది, అవసరమైతే సైన్యం పంపుతానంది. బదులుగా ఉత్తర సర్కార్లు తీసుకుంది. కొండపల్లి, ఏలూరు సర్కార్లు అందులోవే. మన నూజివీడు ప్రాంతం అలా చేతులు మారింది. మన తాతల తాతల్ని ఎవరైనా అడిగారా? సంతలో గొడ్డు చేతులు మారినట్టు మారిపోయాం.

1798లో నిజాం సైనిక సహాయ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. కంపెనీ ఆరు పటాలాలు హైదరాబాదులో ఉంటాయి, వాటి ఖర్చు ఏడాదికి 24,17,100 రూపాయలు నిజామే కట్టాలి. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న సొంత పటాలాల్ని రద్దు చేసుకోవాలి. 1800లో మరో ఒప్పందం. ఇక కంపెనీని అడక్కుండా వేరే రాజ్యాలతో ఏ మాటా మాట్లాడకూడదు. సైన్యం ఖర్చు కింద బళ్ళారి, కడప, అనంతపురం ప్రాంతాలూ, కర్నూలులో కొంతా శాశ్వతంగా ఇచ్చేశాడు. దత్తమండలాలు అని పేరొచ్చింది అందుకే. సర్కార్ల మీద ఏటా రావలసిన సొమ్ము కూడా 1823లో పోయింది. నిజాం అప్పుల కింద దాన్ని 1,16,66,666 రూపాయలకు ఒకేసారి తెగ్గొట్టేశారు. 1853లో మళ్ళీ సైన్యం బాకీ కిందే బేరారు పోయింది.

నిజాం మాత్రం గద్దె దిగలేదు. పట్టాలో పేరు ఉన్న కామందు లాగా 1948 దాకా ఉన్నాడు. మరి పటాలం జీతాలు ఎవరు కట్టినట్టు? పన్ను కట్టిన రైతు కట్టాడు. రైతు కింద పాలేరు కట్టాడు. మనవైపు 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం చేసి జమీందార్లకు పట్టం కట్టారు. జమీందారు కంపెనీకి కట్టాడు, రైతు జమీందారుకు కట్టాడు. పాలేరు ఎవరికీ శిస్తు కట్టలేదు. ఎందుకంటే వాడికి సెంటు భూమి లేదు. వాడు ఒళ్ళే కట్టాడు.

అలాగని "ఏ పొత్తూ వద్దు, ఎవరితోనూ కలవొద్దు" అని మేము చెప్పడంలేదు. కొందరు మిత్రులు అలా చెబుతుంటారు. సైనిక కూటమి అనగానే సామ్రాజ్యవాదం అని తేల్చేస్తారు. బాబాసాహెబ్ అంబేద్కర్ అంత తేలిగ్గా తేల్చలేదు. 1951లో కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేస్తూ ఆయన చెప్పిన కారణాల్లో విదేశాంగ విధానం ఒకటి. దేశానికి ఏటా వచ్చే రాబడి 350 కోట్లయితే అందులో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని లెక్క చెప్పాడు. మనకు మిత్రులు లేరు, అందుకే రక్షణ ఖర్చంతా మనమే మోస్తున్నాం అన్నాడు. 1954 ఆగస్టులో రాజ్యసభలో పంచశీలను నమ్ముకోవడాన్ని తప్పుపట్టాడు. ఆగ్నేయాసియా కూటమి సీటో మీద నెహ్రూకి అంత విముఖత ఎందుకని అడిగాడు. ఎనిమిదేళ్ళకి, 1962లో, చైనా యుద్ధం వచ్చింది. అలీన విధానం చెప్పిన నెహ్రూయే అమెరికాను ఆయుధ సహాయం అడగాల్సొచ్చింది.

ఇంకో పక్క కూడా చూడాలి. పాకిస్తాన్ 1954లో సీటోలో చేరింది. 1965లో గానీ 1971లో గానీ ఆ కూటమి దానికోసం యుద్ధానికి రాలేదు. 1977కి ఆ కూటమే లేకుండా పోయింది. అంటే చేరినంత మాత్రాన కాపలా దొరకదు, చేరనంత మాత్రాన స్వతంత్రం నిలవదు. బాబాసాహెబ్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది సీటో మంచిదా చెడ్డదా అని కాదు. బిల్లు ఎవరు కడుతున్నారు అని అడగడం నేర్చుకోవాలి.

ఉక్రెయిన్ మీద మాకు నవ్వు రాదు. పెద్ద కామందు గట్టు పక్కన అరెకరం ఉన్నవాడి భయం మనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? 1994లో ఆ దేశం తన నేల మీదున్న అణ్వాయుధాలు వదులుకుంటే రష్యా, అమెరికా, బ్రిటన్ హామీ పత్రం రాసిచ్చాయి. 2008లో నాటో "నువ్వు సభ్యుడివవుతావు" అంది, తేదీ చెప్పలేదు. 2022లో రష్యా సైన్యం వచ్చి పడింది. ఆ కాగితం అడ్డం రాలేదు, ఈ మాటా అడ్డం రాలేదు. అదే ఏడాది ఫిన్లాండ్ పార్లమెంటు 188 మంది అవును, 8 మంది కాదు అని ఓటేసి దరఖాస్తు పెట్టింది. 2023 ఏప్రిల్లో సభ్యత్వం తెచ్చుకుంది. హంగరీ 1997లో, స్పెయిన్ 1986లో నాటో సంగతి ప్రజల ఓటుకే పెట్టాయి. చేరడం తప్పో ఒప్పో అలా ఉంచండి, కనీసం జనాన్ని అడిగారు.

మన దేశంలో? 1971లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 2016లో అమెరికాతో సైనిక సరఫరాల ఒప్పందం, రెండూ ప్రభుత్వాలు చేసుకున్నవే. ఇలాంటి వాటికి పార్లమెంటు ఓటు తప్పనిసరని మన రాజ్యాంగం చెప్పదు. పార్లమెంటునే అడగనప్పుడు పేటనెవరు అడుగుతారు? అయినా సరిహద్దు కాసే జవాన్లలో మన పిల్లలున్నారు. ఆయుధాలు కొనే పన్నులో మన అగ్గిపెట్టె పన్నూ ఉంది.

సైన్యంలో మనవాళ్ళ సంగతీ మరువకూడదు. 1818లో కోరేగావ్‌లో మహర్లు కంపెనీ తరఫున ప్రాణాలొడ్డారు. 1890లు వచ్చేసరికి అదే తెల్లదొరలు "మీరు యుద్ధ జాతి కాదు" అని వాళ్ళని చేర్చుకోవడం మానేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అవసరమై 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు, అవసరం తీరాక 1946లో రద్దు చేశారు. బలమున్నవాడితో బలహీనుడి పొత్తు అవసరం ఉన్నంతకాలమే.

అన్నల్లారా, అక్కల్లారా! ఇదంతా దూరపు కథనుకోకండి. ప్రతి పంచాయతీ ఎన్నికల ముందూ రెండు మోతుబరి వర్గాలూ పేటకొస్తాయి. "మా వైపుండండి, మిమ్మల్ని మేం చూసుకుంటాం" అంటాయి. అదీ సైన్య సహకార ఒప్పందమే. ఆ వర్గంతో మాట్లాడొద్దంటారు. సొంతంగా సంఘం పెట్టుకోవద్దంటారు. నిజాముతో పటాలాలు రద్దు చేయించినట్టే మనతో సంఘాలు రద్దు చేయిస్తారు. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనవాళ్ళ మీద కత్తులు లేచినప్పుడు ఏ పెద్ద వర్గం కాపలా అడ్డం వచ్చింది? రోడ్డెక్కింది మన సంఘమే.

అందుకని పొత్తు దేశానికైనా పేటకైనా మూడు ప్రశ్నలు అడుగుదాం. మమ్మల్ని అడిగే సంతకం పెట్టారా? ఖర్చు ఎవరి నెత్తిన? వద్దనుకున్న రోజు బయటికొచ్చే దారుందా? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పినవాడితోనే కూర్చుందాం. మన సంఘం రద్దు చేసుకుంటేనే పొత్తు అన్నవాడిని గడప దగ్గరే నిలబెడదాం.

కాపలా కావాల్సిందే. అయితే కర్ర మన చేతుల్లో ఉండాలి.

జై భీమ్!