ఇల్లు అమ్మినచో గ్యాసు డ్రమ్ము ఎవరిది?

ఇల్లు కొనునప్పుడు మన రైతులు హద్దులు, బావిలో వాటా, పెరటిచెట్లు దస్తావేజులో శ్రద్ధతో వ్రాయించుకొందురు. గోబరుగ్యాసు ప్లాంటును మాత్రము మరచెదరు. తగవు అక్కడనే పుట్టుచున్నది. ఇటుకలతో కట్టిన గుంట భూమిలోనిది గనుక కొన్నవానిదే యని యెల్లరును ఒప్పుకొందురు. పేడనీటిపై తేలుచు, గ్యాసు నిండినప్పుడు లేచి, తరిగినప్పుడు దిగు ఇనుపడ్రమ్ము మాటయో? "అది విడిసామాను" అని అమ్మినవాడు బండి తోలుకొని వచ్చును.

ఈ వాదము నిలువదని మా యభిప్రాయము. వేరుమాట వ్రాసికొననిచో, ఇంటితోపాటు దాని శాశ్వతోపయోగమునకై యేర్పరచిన తలుపులు, తాళములు, తాళపుచెవులు మున్నగునవన్నియు కొన్నవానికి సంక్రమించునని 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 8వ సెక్షను చెప్పుచున్నది. తాళపుచెవియే ఇంటివెంట పోవుచుండగా డ్రమ్ము పోకుండుట యెట్లు? డ్రమ్ము లేని గుంట ఉత్త పేడగొయ్యియే గదా!

వంటగ్యాసు సిలిండరు సంగతి వేరు. అది ఇరువురిదియు గాదు, కంపెనీ సొత్తు. అమ్మినవాడు కట్టినది ధరావతు మాత్రమే. సిలిండరును, రెగ్యులేటరును ఏజెన్సీకి అప్పగించి అతడు ఆ సొమ్ము వాపసు పుచ్చుకొనవలెను గాని, దానిని ఇంటివెలలో చేర్చుట తగదు.

డ్రమ్ము, గొట్టములు ఎవరికి చెందునో సభ్యులు బయానా యిచ్చునాడే కాగితముపై ఒక పంక్తి వ్రాయించుకొందురు గాక.